ముళ్ళపందికి శాలువా

ఒక పెద్ద అడవిలో పులి పోయాక ప్రజాస్వామ్యం వచ్చింది. పులి ఉన్నప్పుడు అదొక్కటే తినేది. ఇప్పుడు అడవి సభ కార్యవర్గం తింటోంది.

కార్యవర్గంలో అందరూ మగవాళ్ళే. "ఆడవాళ్ళని రమ్మనే అన్నామండీ, వాళ్ళకే తీరిక లేదు" అని చెప్పేవాళ్ళు. వాళ్ళకి తీరిక ఎందుకు లేదో కనుక్కోడానికి ఒక ఉపసంఘం కూడా వేశారు. అందులోనూ మగవాళ్ళే. ఆడవాళ్ళకి తీరిక లేదు కదా.

ఆ అడవిలో వాగుకి వెళ్ళే దారి పక్కన ఒక మద్దిచెట్టు, దాని తొర్రలో ఒక చిన్న ఊలు దుకాణం ఉండేవి. నడిపేది కంటకవేణి అనే ముళ్ళపంది. అడవంతా వేణమ్మ అనేది.

ఊరి గొర్రెలు అడవి అంచుకి మేతకొచ్చినప్పుడు రేగుకంపలకి చిక్కి మిగిలిపోయే ఉన్నిని ఆమె ఏరి తెచ్చేది. వాగులో ఉతికి, ఎండబెట్టి, వడికి, రంగులద్ది, ఉండలు చుట్టి అరల్లో పేర్చేది. అల్లుకునే సూదుల కోసం ఎక్కడికీ పోనక్కర్లేదు. ఆమె ఒంటి నుంచి రాలిన ముళ్ళే సూదులు. ఊలు కొన్నవాళ్ళకి ఒక జత ఊరికే ఇచ్చేది. ఒంటిమీద మొలిచే పెట్టుబడితో ఆడది నడిపేదాన్ని వ్యాపారం అనడానికి అడవికి నోరు రాలేదు. "కాలక్షేపం" అనేది.

"నేనే ఒప్పుకున్నానండీ" అని ఆమె భర్త శల్యరావు పదిమందిలో చెప్పేవాడు. "ఇంట్లో కూచుని ఏం చేస్తుంది? పోనీ, కాస్త పొద్దుపోతుందని."

పొద్దు పోయేమాట నిజమే. పొద్దు పొడిచేదీ ఆ తొర్రలోనే, పోయేదీ ఆ తొర్రలోనే.

అడవికంతటికీ చలికోట్లూ చెవుల టోపీలూ అల్లడం నేర్పిన వేణమ్మకి ఒంటిమీద స్వెట్టరు లేదు. ముళ్ళని చూసి తోడేలు భయపడుతుంది గాని, చలి భయపడదు. మంచు కురిసే రోజుల్లో ముళ్ళ మొదళ్ళలోంచి చలి సూటిగా ఎముకల్లోకి దిగేది. ముళ్ళపందికి స్వెట్టరు అల్లిన ప్రాణి అంతకుముందు ఎవరూ లేరు. ఎలా అల్లినా ముళ్ళు గుచ్చుకుని చిరిగిపోయేది.

వేణమ్మ ఆలోచించింది. ముల్లు ఉన్న చోటల్లా కన్నం వదులుతూ అల్లితే? ముళ్ళు పైకి, ఊలు కిందికి. ఒళ్ళు తడుముకుంటూ, ప్రతి వరసా కొలుచుకుంటూ అల్లాలి. ఒక్క కన్నం పక్కకి జరిగినా వరసంతా విప్పాలి. వసంతం వచ్చినప్పుడల్లా మోదుగుపూలు ఏరి, ఉడకబెట్టి, ఒక గంపెడు ఊలుకి నిప్పు రంగు అద్దింది. అడవిలో ఆ రంగు ఊలు ఇంకెక్కడా లేదు. నాలుగు చలికాలాలుగా అల్లుతోంది. వీపు సగం అయింది.

ఎందుకు అవ్వలేదంటే, సూదులు చేతికి తీసుకుని రెండు కుట్లు వేసేసరికి దుకాణం ముందు ఎవరో ఒకరు ప్రత్యక్షమయ్యేవాళ్ళు.

"ఖాళీయేనా వేణక్కా?" అనేది ఉడుత. "ఒక్క వరస. ఎక్కడో కుట్టు జారిపోయింది, దొరకట్లేదు."

"ఖాళీగానే ఉన్నట్టున్నావు" అనేది జింక. "ఈ చిక్కు కాస్త తీసిపెట్టు. పిల్లాడు కొమ్ములకి చుట్టుకుని ఆడాడు."

చేతిలో అల్లిక ఉన్న ఆడది ఖాళీగా ఉన్నట్టే. ఆ అడవిలో ఇది రాయని చట్టం. చెట్టుకి వీపు రుద్దుకుంటున్న దున్నని మాత్రం ఎవరూ ఖాళీయేనా అని అడగరు. ఆయన ఆలోచిస్తున్నట్టు.

వేణమ్మ తన అల్లిక కొక్కేనికి తగిలించి వాళ్ళ కుట్లు వెతికేది, చిక్కులు తీసేది. ఎవరి అల్లికలోనైనా పోగు వదులుగా కనిపిస్తే చాలు, చేతులు వాటంతటవే వెళ్ళిపోయేవి. దారిన పోయేవాళ్ళని కూడా ఆపి, "ఉండండుండండి, మోచెయ్యి దగ్గర ఊడుతోంది" అని సరిచేసి పంపేది. అలవాటు. ఆడవాళ్ళకి చిన్నప్పుడే పట్టుకునే జబ్బుల్లో ఇదొకటి. దీనికి మందు లేదు, పైగా మెచ్చుకుంటారు.

అలాంటి రోజుల్లో ఒకనాడు కార్యవర్గం అధ్యక్షుడు అడవిదున్న మహాశృంగం గారు దుకాణానికి స్వయంగా విచ్చేశారు. వెనకాలే కార్యదర్శి, కొండముచ్చు లంబవాలం.

"వేణమ్మా, నీకో శుభవార్త!" అన్నాడు లంబవాలం. "ఆడజంతువుల గౌరవ దినం జరుపుతున్నాం. రోజు దొరకడం ఎంత కష్టమయిందో! మిగతా రోజులన్నీ మన పెద్దల సన్మానాలకే సరిపోయాయి. చివరికి చలి బాగా ముదిరిన రోజు ఒకటి మిగిలింది."

"ఉత్తమ మహిళా వ్యాపారిగా నిన్ను సన్మానిస్తున్నాం" అన్నాడు మహాశృంగం. గొంతులో కొంచెం చెమ్మ కూడా తెచ్చుకున్నాడు.

వేణమ్మకి నిజంగానే సంతోషం వేసింది. ఇన్నాళ్ళకి ఎవరో దాన్ని వ్యాపారం అన్నారు. "ఎందుకండీ ఇవన్నీ" అంది, అనవలసిన మాట కాబట్టి.

"అలా అనకు. శాలువా కప్పుతాం" అన్నాడు లంబవాలం. "నువ్వే అల్లిపెట్టాలి."

"నా శాలువా నేనే అల్లుకోవాలా?"

"ఇంకెవరికొచ్చు? పైగా నీకు నచ్చినట్టు అల్లుకోవచ్చు. ఏ సన్మానితుడికైనా ఆ స్వేచ్ఛ ఉందా చెప్పు!"

వేణమ్మ మాట్లాడేలోగా లంబవాలం వేళ్ళు మడవడం మొదలెట్టాడు. "నీకొకటి. నీకు కప్పే అధ్యక్షుల వారు వట్టి భుజాలతో ఉంటే బాగుండదు కాబట్టి ఆయనకొకటి. ఆయన పక్కన నాకొకటి. కోశాధికారి ఎలుగుబంటికి చెప్పకపోతే అలుగుతాడు. నెమలి కవిగారు 'స్త్రీ' మీద కవిత చదువుతారు, ఆయనకొకటి. మీ ఆయనకి ఎలాగూ ఒకటి."

"ఆయనకెందుకు?"

"అదేంటమ్మా! నువ్వు దుకాణం పెట్టడానికి ఒప్పుకున్నది ఆయనే కదా!"

కాలివేళ్ళు కూడా మడవడం అయ్యాక అతని చూపు కొక్కేనికి వేలాడుతున్న నిప్పు రంగు అల్లిక మీద పడింది. దాని కింద గంపనిండా అదే రంగు ఊలు.

"ఇదీ! ఈ రంగయితే సభ చివర కూచున్నవాళ్ళకి కూడా పెద్దలు కనపడతారు."

వేణమ్మ గంపకి అడ్డం నిలబడింది. "అది నా సొంతమండీ. నా స్వెట్టరు. తెల్ల ఊలు ఉంది, నల్లది ఉంది..."

"సొంతమా?" మహాశృంగం గారి కనుబొమలు కొమ్ముల దాకా లేచాయి. "దుకాణంలో సొంత అల్లికా?"

లంబవాలం అక్కడికక్కడే తీర్మానం చేసి, నిలబడే చదివేశాడు. "దుకాణపు వేళల్లో దుకాణదారు సొంత అల్లిక అల్లుకొనుట విధులలో అలసత్వముగా పరిగణించడమైనది. అట్టి అల్లికయు, తత్సంబంధమైన ఊలును దుకాణపు సరుకే. దుకాణమున్న తొర్ర సభవారిది." అని గొంతు తగ్గించి, "తొర్ర కావాలని గుడ్లగూబ ఎప్పట్నుంచో అడుగుతోంది. పెద్దలే ఆపుతున్నారు. ఏదో ఆడకూతురివని" అన్నాడు.

ఒక చేత్తో సన్మానం, ఇంకో చేత్తో తొర్ర. వేణమ్మ కొక్కేనికేసి చూసింది, తొర్రకేసి చూసింది. స్వెట్టరు లేకపోతే ఈ చలికాలం ఎలాగో గడుస్తుంది, మొన్నటిదీ అలాగే గడిచింది. తొర్ర పోతే ఏ కాలమూ గడవదు.

ఇంటికెళ్ళి చెబితే శల్యరావు పొంగిపోయాడు. "నాకు ఏ కొలత అన్నారు?"

మర్నాడు వేణమ్మ స్వెట్టరు కొస లాగింది. నాలుగు చలికాలాల పని వరస వరసగా ఊడి ఒళ్ళో పడుతోంది. ఊలు కొనడానికొచ్చిన మందాకిని గుమ్మంలోనే ఆగిపోయింది. మందాకిని అధ్యక్షుల వారి ఇల్లాలు. అంత శరీరంతోనూ ఎక్కడా శబ్దం చెయ్యకుండా బతకడం నేర్చుకున్న దున్న.

"అయ్యో, అదెందుకు విప్పుతున్నావు వదినా?"

"మీవారి భుజాలకి."

మందాకిని ఎదురుగా చతికిలబడి, ఊడిన ఊలుని కొమ్ములకి చుట్టుకుంటూ కూచుంది. ఇంకా విప్పని వరసలు చూసి, "ఈ కన్నాలేంటి?" అంది.

"ముళ్ళకి దారి."

"అబ్బ! ఎంత తెలివిగా వదిలావు!" అంది మందాకిని. పొగడ్త అంటే అది. అడవిలో వేణమ్మకి దొరికిన మొదటి సన్మానం అదే. శాలువా లేదు.

గంపెడు ఊలు అన్ని భుజాలకి రావాలంటే వలలాగా వదులుగా అల్లాలి. వేణమ్మ అలాగే అల్లింది. అందరివీ అయ్యాక తన శాలువాకి మిగిలింది గుప్పెడు. అది చేతిరుమాలంత వచ్చింది.

శాలువాలు పట్టుకెళ్ళడానికి లంబవాలం వచ్చినప్పుడు, ఒక్కోదాని నుంచి వేలాడుతున్న కొస చూపించి చెప్పింది. "కప్పుకుని, బిగువు చూసుకుని, ఈ కొస ఎవరికి వాళ్ళు ముడేసుకోవాలండి. నా దగ్గర అల్లిక నేర్చుకున్నవాళ్ళందరికీ ఇదే చెబుతాను. ముడెయ్యకపోతే లాగిన కొద్దీ ఊడిపోతుంది."

"నువ్వే వేసెయ్యచ్చుగా?"

"ఒళ్ళు నాది కాదు కదండీ. మూపురం ఎంత ఎత్తో, మెడ ఎంత లావో నాకేం తెలుసు? ఇప్పుడే వేసేస్తే వాళ్ళ మెడ పట్టదు."

"సరే సరే, చెబుతాలే" అన్నాడు లంబవాలం. చెప్పాడు కూడా. ఒక్కొక్కరికీ శాలువా అందిస్తూ, "కొస ముడేసుకోవాలిట" అన్నాడు. విన్న ప్రతి పెద్దమనిషీ తలూపాడు. ఇంటికెళ్ళాక ఆ శాలువాని భార్య మీదకి విసిరి, "ఆ కొసేదో చూడు" అన్నాడు. ముడెయ్యడం ఆడవాళ్ళ పని. మెడ తనదే అయినా.

"రేపు చూస్తానండీ" అంది మందాకిని. "ఈపూట వంటపాత్రలు తోమడానికి రమ్మన్నారు. సభ వాళ్ళే."

ఆ మాట నిజం. ఆడజంతువుల దినం కాబట్టి పనులన్నీ ఆడజంతువులే చెయ్యాలనీ, వాళ్ళ పండగలో మగవాళ్ళు తలదూర్చడం సంస్కారం కాదనీ కార్యవర్గం ఏకగ్రీవంగా తీర్మానించింది. అడవిలోని ఇల్లాళ్ళంతా తెల్లారకుండానే వచ్చి సభాస్థలం ఊడ్చారు, కల్లాపి చల్లారు, ముగ్గులు పెట్టారు. అందరికీ ఇప్పపూల పాయసం వండుతూ పొగలో కూచున్నారు. ఇళ్ళల్లో శాలువాలు, పడ్డచోటే పడున్నాయి. పెద్దలు లేచి, చూడకుండానే భుజాన వేసుకుని వచ్చేశారు.

వేదిక నిప్పంటుకున్నట్టుంది. అన్ని భుజాలూ మోదుగు రంగే. మధ్యలో ఒక చిన్న పీట మీద వేణమ్మని కూచోబెట్టారు. చలికి ముళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి. మహాశృంగం గారు ఆ చేతిరుమాలంత శాలువాని పట్టుకుని అటూ ఇటూ తిప్పి, ఎక్కడ కప్పాలో తెలియక, ఒక ముల్లుకి గుచ్చారు. చప్పట్లు మోగాయి. వేణమ్మ ఏదో చెప్పబోయింది. "నీకు తర్వాత సమయం ఇస్తాంలే" అన్నాడు లంబవాలం.

నెమలి కవి లేచి, స్త్రీ భూమి వంటిదనీ, నది వంటిదనీ, దీపం వంటిదనీ చదివాడు. స్త్రీ వంటిది ఏదీ అతనికి తట్టలేదు. శల్యరావు లేచి, తాను ఒప్పుకున్న వృత్తాంతం మొదటినుంచీ చెప్పాడు. తర్వాత అధ్యక్షోపన్యాసం.

"మా అడవిలో ఆడది అబల కాదు..." అని మహాశృంగం గారు మొదలుపెట్టారు.

అప్పుడు వేణమ్మకి కనిపించింది. ఆయన భుజం మీంచి ఒక పోగు వేలాడుతోంది. ముడి లేదు.

చేతులు వాటంతటవే లేచాయి. ఒక్క క్షణం పని. లేచి, "ఉండండుండండి" అని, ముడేసి కూచుంటే అయిపోతుంది. పీట మీంచి సగం లేచింది కూడా. పొగలో గరిటె పట్టుకుని నిలబడ్డ మందాకిని కూడా ఆ పోగునే చూస్తోంది. ఇద్దరి చూపులూ కలిశాయి. మందాకిని నెమ్మదిగా తల తిప్పుకుని పాయసం కలపసాగింది.

వేణమ్మ కూచుంది. రెండు చేతులూ ఒంటికింద పెట్టుకుని, వాటి మీద గట్టిగా కూచుంది. బతుకులో అంత కష్టమైన పని ఆమె ఎప్పుడూ చెయ్యలేదు.

ఆ పోగు లంబవాలానికీ కనిపించింది. పైవాడి ఒంటిమీద పేనుంటే ఏరడం, పోగుంటే తియ్యడం అతని జాతిధర్మమూ, ఉద్యోగధర్మమూ. వినయంగా వంగి, రెండు వేళ్ళతో పట్టుకుని లాగాడు. వచ్చింది. ఇంకా కొంచెం ఉందనిపించి మళ్ళీ లాగాడు. అదీ వచ్చింది. తొందరతొందరగా లాగసాగాడు. మహాశృంగం గారు "ఆడది శక్తి" అనేసరికి ఒక భుజం ఊడింది. "ఆడది యుక్తి" అనేసరికి రెండోదీ ఊడింది. తోకంత పొడుగు ఊలు తోకకే చుట్టుకుని లంబవాలం ఎటు తిరగాలో తెలియక గిర్రున తిరిగాడు. అతని శాలువా కొస ఎలుగుబంటి కాలికింద ఉంది. ఎలుగుబంటి ఏమైందోనని గబుక్కున లేచాడు. అతని కొస శల్యరావు ముళ్ళకి తగులుకుంది. నెమలి కవి ఆందోళనగా పురి విప్పాడు. విప్పినదానికి వేదిక మీదున్న ఊలంతా చిక్కుకుంది.

పిల్లజంతువులు పడీపడీ నవ్వాయి. పెద్దలు వట్టి భుజాలతో, కాళ్ళకి ఊలు చుట్టుకుని, ఒకరి మీద ఒకరు ఒరిగి నిలబడ్డారు.

"ఎవరు!" అని రంకె వేశాడు మహాశృంగం. "ఎవరు చేశారీ పని? వేణమ్మా!"

"ముడేసుకోవాలని చెప్పానండీ."

"చెప్పింది, చెప్పింది. నేనూ చెప్పాను" అన్నాడు లంబవాలం, నోట్లోంచి ఊలు తీసుకుంటూ.

"నేను మా ఆవిడకి..." అని మహాశృంగం గారు గట్టిగా మొదలుపెట్టి ఆగిపోయారు. సభంతా చెవులు రిక్కించి వింటోంది. మా ఆవిడకి చెప్పాను అంటే, ఆవిడ వినలేదనేగా! ఇంట్లో మాట చెల్లని దున్న అడవికేం అధ్యక్షుడు? ఎలుగుబంటీ నోరు తెరిచి మూసుకున్నాడు. అందరి గొంతులోనూ అదే వాక్యం, అక్కడే అడ్డం పడింది.

"మీ ఆవిడకి ఏం చెప్పారూ?" అంది మందాకిని పొయ్యి దగ్గర్నుంచి. ఆమె గొంతు అంత గట్టిగా ఉంటుందని అడవికి అప్పుడే తెలిసింది.

"ఏం లేదు. పాయసం బాగుందంటున్నాను" అన్నారు మహాశృంగం గారు. ఇంకా ఎవరూ రుచి చూడలేదు.

కార్యవర్గం వేదిక వెనక్కి వెళ్ళి అత్యవసరంగా సమావేశమైంది. తిరిగొచ్చాక లంబవాలం ప్రకటించాడు. శాలువాలు ఊడిపోలేదు. పెద్దల పాలన ఎంత పారదర్శకమైనదో ప్రజలకి కళ్ళారా చూపించడానికి ముందే అనుకుని చేసిన కార్యక్రమం అది. నెమలి కవి వెంటనే దాని మీద నాలుగు పంక్తులు చెప్పాడు. కొందరు చప్పట్లు కూడా కొట్టారు.

"ఇకపోతే" అన్నాడు లంబవాలం, వేణమ్మ మీద కసి ఎక్కడ తీర్చుకోవాలో వెతుక్కుంటూ, "వేదికపై చెదిరియున్న పోగులను చెత్తగా పరిగణించడమైనది. అట్టి చెత్తపై సభవారికి ఎట్టి హక్కును, బాధ్యతయు లేవు. సదరు చెత్తను సన్మానగ్రహీతయే తన సొంత శ్రమతో, పొద్దుకుంకేలోగా, ఒక్క పోగు మిగలకుండా ఎత్తుకుపోవలెను."

"ఒక్క పోగు కూడా మిగలకూడదాండీ?" అంది వేణమ్మ.

"ఒక్కటి కూడా! మిగిలితే ఊరుకునేది లేదు!"

"మీరెలా చెబితే అలాగేనండీ" అంది వేణమ్మ.

గరిటెలు పక్కనపెట్టి ఇల్లాళ్ళంతా వేదికెక్కారు. ఉడుత నెమలి పురిలోంచి చిక్కులు తీసింది. జింక లంబవాలం తోక విప్పింది. మందాకిని మొగుడి కాళ్ళ దగ్గర కూచుని, "ఈ కాలెత్తండి, ఆ కాలెత్తండి" అంటూ లాక్కుని కొమ్ములకి చుట్టుకుంది. పాయసం అడుగంటింది. పట్టించుకున్నవాళ్ళు లేరు, తినేవాళ్ళు తప్ప.

తర్వాత వేణమ్మ తొర్రకి మధ్యాహ్నాల పూట అడ్డంగా ఒక బెరడు కనిపించేది. బయట నిలబడి ఎవరైనా పిలిస్తే, "సొంత పనిలో ఉన్నాను, సాయంత్రం రండి" అని లోపల్నుంచి వినపడేది. లంబవాలం ఒకసారి వచ్చి తీర్మానం గుర్తుచేశాడు. "దుకాణపు వేళల్లో వద్దన్నారు కదండీ, అందుకే దుకాణం మూశాను" అంది వేణమ్మ. చలి పోకముందే స్వెట్టరు వీపు దాటి మెడ దాకా వచ్చింది. వేసుకుని వాగుకి వెళ్తే, నిప్పు రంగు మీద నల్లటి ముళ్ళు ఒక్కొక్కటీ దాని దారిలోంచి అది పైకి లేచి నిలబడ్డాయి. ఇక ఆ చలికి ముళ్ళు టకటకలాడలేదు.

"సభవారి ఊలు కదా అది!" అన్నాడు ఎలుగుబంటి.

"సభవారి చెత్తండీ" అంది వేణమ్మ.

మందాకిని కూడా ఇప్పుడు రోజూ మధ్యాహ్నం ఆ బెరడు వెనకే కూచుంటోంది. నల్ల ఊలుతో తన మూపురానికి తొడుగు అల్లుకుంటోంది. ఒకరోజు మహాశృంగం గారు వచ్చి బెరడు బయట నిలబడి, నెమ్మదిగా పిలిచారు.

"ఏమేవ్! పొద్దెక్కింది. నాకు మేత..."

"వాగు పక్కన గడ్డి ఉంది కదండీ. కాళ్ళు మీవే" అంది లోపల్నుంచి మందాకిని.

కార్యవర్గం మరుసటి ఏడు ఆడజంతువుల గౌరవ దినాన్ని నిరవధికంగా వాయిదా వేసింది.

నీతి: ఆడవాళ్ళని గౌరవించడం చాలా ప్రమాదం, ఒకసారి రుచి చూశారంటే మనతో పనిలేకుండా వాళ్ళని వాళ్ళే గౌరవించుకోవడం మొదలుపెడతారు.